మంచం, కుర్చీ, కాలు: లోతు సిరల రక్తపు గడ్డలపై ప్రజావగాహన చరిత్ర

వ్యాససంగ్రహం

కాలి సిరలో ఏర్పడిన రక్తపు గడ్డ ఊపిరితిత్తులకు చేరి ప్రాణం తీయగలదని వైద్యశాస్త్రం 1846లోనే గుర్తించింది. సామాన్య ప్రజలకు ఈ సంగతి విస్తృతంగా తెలిసింది 2000 తర్వాత, ప్రధానంగా విమాన ప్రయాణాల వార్తల ద్వారా. ఈ రెండు కాలాల మధ్య ఉన్న ఎడం ఎలా ఏర్పడిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. విమానపు కుర్చీ ఈ వ్యాధికి ప్రచారం తెచ్చిపెట్టినా, వ్యాధి ఎక్కువగా పుట్టే ఆసుపత్రి మంచాన్ని ప్రజల దృష్టి నుంచి మరుగుపరచిందని ప్రతిపాదిస్తుంది. తెలుగు ప్రాంతాల్లో ఈ అవగాహనకు అడ్డుపడుతున్న భాషాపరమైన, ఆచారపరమైన అంశాలను చర్చిస్తుంది.

కీలకపదాలు: లోతు సిరలు, రక్తపు గడ్డ, విశ్రాంతి, విర్కో, కక్కర్, బాలింత, వైద్య పరిభాష, ప్రజారోగ్య చరిత్ర.

1. పేరులోనే ఉన్న చిక్కు

కాళ్ల నుంచి రక్తం గుండెకు తిరిగి చేరాలంటే భూమ్యాకర్షణకు ఎదురెక్కాలి. ధమనుల్లో రక్తాన్ని గుండె నెడుతుంది. సిరల్లోకి వచ్చేసరికి ఆ ఒత్తిడి చాలావరకు తగ్గిపోతుంది. నడిచేటప్పుడు పిక్క కండరాలు బిగిసి, వదులై లోపలి సిరలను పిండుతాయి. సిరల్లోని కవాటాలు పైకెక్కిన రక్తాన్ని మళ్లీ కిందికి జారనివ్వవు. మనిషి గంటల తరబడి, రోజుల తరబడి కదలకపోతే ఈ ఏర్పాటు మందగిస్తుంది. శస్త్రచికిత్స, కాన్పు, క్యాన్సర్, ఎముక విరగడం, కొన్ని హార్మోను మాత్రలు రక్తానికి గడ్డకట్టే స్వభావాన్ని పెంచుతాయి. ఇవి రెండూ కలిసినచోట లోతు సిరలో గడ్డ ఏర్పడే అవకాశం ఎక్కువ. అప్పుడు ఒక కాలు వాచవచ్చు, పిక్క నొప్పి పుట్టవచ్చు, చర్మం వెచ్చబడి ఎర్రబడవచ్చు. ఏ లక్షణమూ కనిపించకపోవడం కూడా సాధారణమే. ఆ గడ్డ ఊడి గుండె కుడి భాగం మీదుగా ఊపిరితిత్తుల ధమనిలో ఇరుక్కుంటే ఆయాసం, ఛాతీనొప్పి, ఒక్కోసారి హఠాన్మరణం సంభవిస్తాయి. వైద్య పరిభాషలో మొదటిది డీప్ వెయిన్ థ్రాంబోసిస్, రెండోది పల్మొనరీ ఎంబాలిజం.

తెలుగులో దీన్ని చెప్పబోతే రెండు మాటలు దారికి అడ్డం వస్తాయి. మొదటిది ‘గడ్డ’. తెలుగువారికి కురుపూ గడ్డే, కణితీ గడ్డే, నేలలో ఊరే దుంపా గడ్డే, సొంత నేలా గడ్డే. ‘కాల్లో గడ్డ ఉంది’ అంటే వినేవారు చర్మం మీద చేతికి తగిలే ఉబ్బును వెతుకుతారు; ఈ గడ్డ చేతికి తగలదు. పైగా దెబ్బ తగిలినప్పుడు రక్తం గడ్డకట్టడం ప్రాణరక్షణ. అదే క్రియ ఇక్కడ ప్రాణాంతకమైన స్థితిని సూచించాలి. రెండోది ‘నరం’. వ్యవహారంలో సిర, నాడి, స్నాయువు మూడింటినీ నరమనే అంటారు. ‘నరాలు ఉబ్బాయి’ అన్నప్పుడు సిర, ‘నరాల బలహీనత’ అన్నప్పుడు నాడి, ‘నరం పట్టేసింది’ అన్నప్పుడు తరచుగా కండరం. ‘సిర’ పాఠ్యపుస్తకాల్లో నిలదొక్కుకున్న మాటే గాని ఇంటి మాట కాలేదు. పిక్క నొప్పితో వచ్చిన మనిషి ‘నరం పట్టింది’ అనుకుంటే చేసే మొదటి పని నూనె రాసి గట్టిగా మర్దన చేయించుకోవడం. లోతు సిరలో గడ్డ ఉన్న కాలికి అది చేయకూడని పని. గడ్డను కదిలించే ప్రమాదం ఉంది. పరిభాష సమస్య ఇక్కడ నిఘంటువు పరిధిని దాటి వైద్యంలోకి వచ్చేస్తుంది.

2. పాల కాలు నుంచి విర్కో దాకా

ఈ వ్యాధిని ప్రాచీన గ్రంథాల్లో వెతికే ప్రయత్నాలు చాలా జరిగాయి. సుశ్రుత సంహితలోని సిరాజ గ్రంథి వర్ణనను కొందరు దీనికి అన్వయిస్తారు. ఆ వర్ణన చర్మం కింద ఉబ్బి కనిపించే సిరలకే ఎక్కువగా సరిపోతుంది. లోపలి సిరల గడ్డకు దాన్ని లాగడం అతివ్యాప్తి. వైద్య చరిత్రకారులు తొలి స్పష్టమైన ఉదాహరణగా చూపేది 1271 నాటి ఒక ఫ్రెంచి వృత్తాంతాన్ని. నార్మండీ ప్రాంతానికి చెందిన రౌల్ అనే యువకుడికి ఒక పిక్కలో మొదలైన నొప్పి, వాపు క్రమంగా పైకి పాకాయి. వైద్యులు చేతులెత్తేశాక అతడు తొమ్మిదో లూయీ రాజు సమాధిని దర్శించి, ఆ సమాధి ధూళి పూసుకుని స్వస్థత పొందాడని గిలోమ్ ద సాన్-పథూస్ రాసిన మహిమల గ్రంథం చెబుతుంది. ఇది భక్తిగ్రంథమే. అయినా ఒకే కాలు, పిక్కలో మొదలు, పైకి పాకడం అన్న మూడు గుర్తులను అది జాగ్రత్తగా నమోదు చేసింది.

తర్వాతి శతాబ్దాల్లో ఐరోపా వైద్యులకు ఈ వ్యాధి ఎక్కువగా బాలింతల్లో కనిపించింది. కాన్పు తర్వాత తొడ, పిక్క తెల్లగా పొంగి వాయడాన్ని వారు ‘పాల కాలు’ అన్నారు. బిడ్డ తాగని పాలు దారి తప్పి కాలిలోకి దిగాయని వివరించారు. వివరణ తప్పు. కాని బిడ్డకు పాలివ్వమని ప్రోత్సహించే సలహా దాని నుంచే వచ్చింది. ఆ రకంగా ఈ వ్యాధికి సంబంధించిన తొలి నివారణ ప్రచారం ఒక తప్పుడు సిద్ధాంతం మీద నిలిచింది. 1820ల తొలినాళ్లలో లండన్ ప్రసూతి వైద్యుడు డేవిడ్ డేవిస్ మరణించిన బాలింతల శవపరీక్షల్లో సిరలు గడ్డలతో మూసుకుపోయి ఉండటాన్ని చూపాక పాల సిద్ధాంతం వెనకబడింది.

అయితే కాలికీ ఊపిరితిత్తులకూ ఉన్న సంబంధం ఇంకా తెలియదు. శవపరీక్షలో ఊపిరితిత్తుల ధమనిలో దొరికిన గడ్డ అక్కడే పుట్టిందని అప్పటి ప్రామాణిక అభిప్రాయం. బెర్లిన్‌లో యువ శవపరీక్షకుడు రుడాల్ఫ్ విర్కో 1846లో దాన్ని తలకిందులు చేశాడు. గడ్డ దూరపు సిరలో పుట్టి రక్తప్రవాహంలో కొట్టుకొచ్చిందని చూపాడు. కుక్కల సిరల్లో రబ్బరు ముక్కలను ప్రవేశపెట్టి అవి ఊపిరితిత్తులకు చేరడాన్ని నిరూపించాడు. ‘ఎంబాలిజం’ అన్న పేరు అతడిదే. రక్తప్రవాహం మందగించడం, సిర గోడ దెబ్బతినడం, రక్తం గడ్డకట్టే స్వభావం పెరగడం అన్న మూడు కారణాలను నేటికీ వైద్య విద్యార్థులు ‘విర్కో త్రయం’ పేరుతో కంఠస్థం చేస్తారు. ఆ మూడింటినీ ఒకచోట చేర్చి త్రయంగా విర్కో చెప్పలేదు. ఇరవయ్యో శతాబ్దపు పాఠ్యగ్రంథాలు ఆయన పేరును దానికి తగిలించాయి. ఆయన 1848లో అప్పర్ సైలీషియాలో టైఫస్ వ్యాధిని పరిశీలించి, దాని మూలాలు పేదరికంలో, పాలనలో ఉన్నాయని నివేదిక రాసిన మనిషి కూడా. రోగానికి సామాజిక కారణాలుంటాయని వాదించిన ఆయనకు తాను వివరించిన ఈ వ్యాధిని ప్రజల్లోకి తీసుకెళ్లే అవకాశం చిక్కలేదు. అది ఇంకా శవపరీక్ష బల్ల మీది జ్ఞానమే.

3. విశ్రాంతి అనే చికిత్స

పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో వైద్యం విశ్రాంతిని దాదాపు మందు స్థాయికి పెంచింది. లండన్ శస్త్రవైద్యుడు జాన్ హిల్టన్ ఉపన్యాసాల సంపుటి 1863లో వెలువడి తరతరాల వైద్యులకు విశ్రాంతి పట్ల గౌరవం నేర్పింది. కడుపు కోసినవారిని, కాన్పైన స్త్రీలను, గుండెపోటు వచ్చినవారిని వారాల తరబడి మంచం దిగనిచ్చేవారు కాదు. కోలుకుంటున్న రోగి పదో రోజునో పన్నెండో రోజునో తొలిసారి లేచి మరుగుదొడ్డికి వెళ్లి అక్కడే కూలిపోవడం నాటి వార్డుల్లో అపరిచితమైన దృశ్యం కాదు. శస్త్రచికిత్స బాగానే జరిగిందనీ, దురదృష్టవశాత్తు ఊపిరి ఆగిందనీ బంధువులకు చెప్పేవారు. గడ్డకు తోడ్పడినది మంచమేనన్న ఆలోచన నెమ్మదిగా గాని రాలేదు. షికాగోలో ఎమిల్ రీస్ 1899లోనే రోగులను త్వరగా లేపి నడిపించాలన్నా ఆ మాటకు విలువ రావడానికి నలభై ఏళ్లు పట్టింది. 1947లో లండన్ వైద్యుడు రిచర్డ్ ఆషర్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో మంచాన పడుకోవడం వల్ల వచ్చే ప్రమాదాలను, సిరల్లో గడ్డలతో సహా, వ్యంగ్యంగా ఏకరువు పెట్టాడు. అప్పటికీ అది వైద్యులు వైద్యులతో చెప్పుకున్న మాటే.

ఈ విషయం ఆసుపత్రి గోడలు దాటింది యుద్ధం వల్ల. 1940 శరదృతువులో జర్మన్ విమానాలు లండన్‌పై బాంబులు కురిపిస్తుంటే జనం రాత్రిళ్లు ఆశ్రయ స్థలాల్లో మడతకుర్చీల్లో కూర్చునే నిద్రపోయేవారు. శవపరీక్షకుడు కీత్ సింప్సన్ ఆ నెలల్లో ఊపిరితిత్తుల్లో గడ్డ ఇరుక్కుని చనిపోయినవారి సంఖ్య అంతకుముందు ఏడాది అవే నెలలతో పోలిస్తే ఆరు రెట్లు పెరిగిందని లాన్సెట్‌లో ప్రకటించాడు. మడతకుర్చీ ముందు కర్ర తొడ వెనక భాగాన్ని నొక్కుతూ సిరలను అదిమి ఉంచుతోందని ఆయన గుర్తించాడు. సూచించిన నివారణ మందు కాదు, పడుకోవడానికి బల్లమంచాలు. ఆశ్రయ స్థలాల్లో అలాంటి మంచాల ఏర్పాటు ఆ చలికాలంలోనే విస్తరించింది. జనం కూర్చునే తీరును మార్చి ఈ వ్యాధిని ఆపాలన్న ఆలోచన బహుశా ఇక్కడే తొలిసారి ప్రజల స్థాయిలో కనిపిస్తుంది. అరవై నాలుగేళ్ల తర్వాత, 2004లో జపాన్‌లోని నీగాటా భూకంపం నాడు ఇళ్లు వదిలి కార్లలో నిద్రించినవారిలో కొందరు ఇదే విధంగా చనిపోయారు. లండన్ పాఠం నీగాటాకు చేరలేదు.

4. మందు దొరికినా నమ్మకం కుదరని కాలం

గడ్డకట్టడాన్ని ఆపే మందుల కథ ప్రసిద్ధమే. 1916లో జాన్స్ హాప్కిన్స్‌లో వైద్య విద్యార్థి జే మక్లీన్ పరిశోధనతో హెపారిన్ జాడ దొరికింది. 1920లలో ఉత్తర అమెరికాలో బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి మేసిన పశువులు రక్తస్రావంతో చనిపోవడం డైకూమరాల్‌కు, తర్వాత వార్ఫరిన్‌కు దారితీసింది. వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా బజారులోకి వచ్చింది. 1955లో గుండెపోటుకు గురైన అమెరికా అధ్యక్షుడు ఐసన్‌హోవర్‌కు ఇచ్చాక దానికి మర్యాద దక్కింది.

మందుకంటే కష్టమైనది రుజువు. 1960లో బ్రిస్టల్‌లో బారిట్, జోర్డన్ జరిపిన చిన్న ప్రయోగంలో ఊపిరితిత్తుల్లో గడ్డ ఉన్న 19 మందికి ఈ మందులు ఇవ్వలేదు, 16 మందికి ఇచ్చారు. ఇవ్వనివారిలో అయిదుగురు అదే కారణంతో చనిపోయారు; ఇచ్చినవారిలో ఒక్కరూ లేరు. ప్రయోగాన్ని కొనసాగించడం న్యాయం కాదని ఆపేశారు. అది చికిత్సకు రుజువు. నివారణకు రుజువు భారతీయ మూలాలున్న శస్త్రవైద్యుడు విజయ్ వీర్ కక్కర్ ద్వారా వచ్చింది. లండన్ కింగ్స్ కాలేజ్ ఆసుపత్రిలో ఆయన బృందం రేడియోధార్మిక అయొడిన్ కలిపిన ఫైబ్రినోజెన్‌ను రోగుల రక్తంలోకి ఎక్కించి, కాళ్ల వెంట పరికరంతో కొలుస్తూ, పైకి కనిపించని గడ్డలను పట్టుకుంది. 1969లో ప్రకటించిన ఫలితం వార్డు వైద్యులను కలవరపెట్టేదే: శస్త్రచికిత్స చేయించుకున్న 132 మందిలో 40 మందికి గడ్డలు ఏర్పడ్డాయి. చాలామంది కాళ్లు చూడటానికి మామూలుగానే ఉన్నాయి. కాలు చూసి రోగం లేదని తేల్చే అలవాటుకు అక్కడితో శాస్త్రీయమైన ఆధారం పోయింది.

కక్కర్ అక్కడ ఆగలేదు. అనేక దేశాల ఆసుపత్రులను కలుపుకుని 4,121 మంది శస్త్రచికిత్స రోగులపై జరిపిన ప్రయోగ ఫలితాలు 1975లో లాన్సెట్‌లో వచ్చాయి. శస్త్రచికిత్సకు ముందు నుంచే చర్మం కింద స్వల్ప మోతాదు హెపారిన్ ఇచ్చినవారిలో ఊపిరితిత్తుల గడ్డతో చనిపోయినవారు ఇద్దరు. ఇవ్వనివారిలో 16 మంది. ఈ అంకెల తర్వాత నివారణ ప్రపంచమంతటా నియమంగా మారిపోవలసింది. మారలేదు. శస్త్రవైద్యులకు రక్తస్రావం కళ్లెదుట కనిపించే ప్రమాదం. గడ్డ రోగి ఇంటికి వెళ్లాక, ఇంకెవరి చేతుల్లోనో బయటపడే ప్రమాదం. తన రోగులకు అలాంటిదేమీ జరగలేదని ఏ వైద్యుడైనా నిజాయితీగా నమ్మగలగడానికి కారణం అదే. ఈ మౌనాన్ని భంగపరచగలిగినవాడు రోగి ఒక్కడే. అతడికేమో ఆ వ్యాధి పేరే తెలియదు.

5. కుర్చీకి దక్కిన కీర్తి

1954లో బోస్టన్ శస్త్రవైద్యుడు జాన్ హోమన్స్ ఎక్కువసేపు కూర్చోవడం వల్ల కాలి సిరల్లో గడ్డలు ఏర్పడిన ఉదాహరణలను ప్రచురించాడు. విమానమే కాక కారు ప్రయాణం, నాటకశాల కూడా ఆయన జాబితాలో ఉన్నాయి. 1977లో వాడుకలోకి వచ్చిన ‘ఎకానమీ క్లాస్ సిండ్రోమ్’ అన్న పేరు ఆ వైశాల్యాన్ని ఒక ఇరుకు సీటుకు కుదించింది. 2000 అక్టోబరులో సిడ్నీ నుంచి లండన్‌కు దిగిన ఒక యువతి విమానాశ్రయంలోనే కుప్పకూలి మరణించడంతో పత్రికలు ఆ పేరును ఇంటింటికీ చేర్చాయి. విమాన సంస్థలు కాళ్ల వ్యాయామాల బొమ్మలు అచ్చువేశాయి. బిగుతు మేజోళ్లు దుకాణాల్లోకి వచ్చాయి.

ప్రచారం జరగడం మంచిదే. కాని ప్రమాద పరిమాణం వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించిన పరిశోధన ప్రకారం నాలుగు గంటలకు మించిన ప్రయాణం ముప్పును సుమారు రెట్టింపు చేస్తుంది. అయినా అది దాదాపు ఆరు వేల మందిలో ఒకరికి. బస్సుకూ రైలుకూ కారుకూ ఇదే వర్తిస్తుంది. తరగతితో సంబంధం లేదు. ఆసుపత్రుల సంగతి చూస్తే, 2005లో బ్రిటిష్ పార్లమెంటు ఆరోగ్య సంఘం ఇంగ్లండులో ఏటా సుమారు 25,000 మంది ఇలాంటి గడ్డలతో చనిపోతున్నారన్న అంచనాను ప్రకటించింది. రొమ్ము క్యాన్సర్, ఎయిడ్స్, రోడ్డు ప్రమాదాల మరణాలన్నీ కలిపినా అంతకు తక్కువే. ఈ నివేదిక తర్వాతి ఒత్తిడితోనే 2010 నాటికి ఇంగ్లండులో ఆసుపత్రిలో చేరే ప్రతి వయోజనుడి ముప్పును అంచనా వేయాలనీ, ఇంటికి పంపేటప్పుడు లక్షణాలను నోటితోనూ రాతలోనూ చెప్పాలనీ మార్గదర్శకాలు వచ్చాయి. అమెరికాలో 2003లో ఇరాక్ యుద్ధ వార్తలు పంపుతూ సైనిక వాహనంలో రోజుల తరబడి ముడుచుకుని ప్రయాణించిన టెలివిజన్ విలేఖరి డేవిడ్ బ్లూమ్ 39 ఏళ్లకే మరణించడం, ఆయన భార్య చేపట్టిన ప్రచారం, 2008లో సర్జన్ జనరల్ ఇచ్చిన పిలుపు ఆ మార్గంలోని మైలురాళ్లు. విర్కో పుట్టినరోజైన అక్టోబరు 13ను 2014 నుంచి ప్రపంచ థ్రాంబోసిస్ దినంగా పాటిస్తున్నారు. ఆ ఏడాది తొమ్మిది దేశాల్లో జరిగిన సర్వేలో గుండెపోటు గురించి విన్నవారు 88 శాతం, లోతు సిరల గడ్డ గురించి విన్నవారు 44 శాతం. ఆ తొమ్మిదింటిలో భారతదేశం లేదు.

6. తెలుగు నేలపై

ఆసియావాసులకు ఈ వ్యాధి అరుదన్న నమ్మకం పాఠ్యగ్రంథాల్లో చాలాకాలం నిలిచింది. వెతకకపోవడం వల్ల దొరకని వ్యాధి అరుదుగానే కనిపిస్తుంది. 2005లో ప్రచురితమైన ఏడు ఆసియా దేశాల అధ్యయనంలో, నివారణ మందు ఇవ్వకుండా తుంటి, మోకాలి శస్త్రచికిత్సలు జరిగినవారిని పరీక్షిస్తే 41 శాతం మందిలో గడ్డలు బయటపడ్డాయి. 2006-07లో పది భారతీయ ఆసుపత్రుల్లో 2,058 మంది రోగులను పరిశీలించిన అధ్యయనానికి హైదరాబాదు నిమ్స్‌కు చెందిన పింజల రామకృష్ణ ప్రథమ రచయిత. వారిలో 53.6 శాతం మందికి ముప్పు ఉంది. ముప్పున్నవారిలో సిఫారసు ప్రకారం నివారణ అందినది 17.4 శాతానికే. శస్త్రచికిత్స రోగుల్లో ఆ శాతం మరింత తక్కువ. కక్కర్ ప్రయోగం వెలువడి అప్పటికి మూడు దశాబ్దాలు దాటింది.

అదే నిమ్స్ నుంచి 2012లో వచ్చిన మరో అధ్యయనం మెదడు సిరల్లో గడ్డలు ఏర్పడిన 428 మందిని పరిశీలించింది. ఇది కాలి సిరల వ్యాధికి దగ్గరి చుట్టం. భారతదేశంలో ఇది ప్రధానంగా బాలింతల జబ్బన్నది పాత అభిప్రాయం. బాలింతకు నీళ్లు తగ్గించి ఇవ్వడం, పథ్యం పేరుతో ఎండగట్టడం, మంచం దిగనివ్వకపోవడం అందుకు దోహదం చేసేవని వైద్యులు భావించేవారు. ఈ నమోదులో బాలింతల వాటా పదో వంతుకు లోపే. పురుషులే సగానికి మించి ఉన్నారు. ఆసుపత్రి కాన్పులు పెరగడం, పురిటి ఆచారాలు సడలడం ఆ మార్పు వెనుక ఉన్నాయనుకోవడం సమంజసం. అయినా సిజేరియన్ అయిన బాలింతను ‘కుట్లు విడతాయి’ అని రోజుల తరబడి పడుకోబెట్టే ఇళ్లు నేటికీ తక్కువేమీ కాదు. హిల్టన్ కాలపు విశ్రాంతి సిద్ధాంతాన్ని ఆసుపత్రులు వదులుకున్నాయి గాని, అది అమ్మమ్మల మాటల్లో కొనసాగుతోంది. ఆ మాట వెనుక ఉన్నది ఆప్యాయతే కాబట్టి దాన్ని మూఢాచారమని కొట్టివేసే వ్యాసాలు ఎవరి మనసునూ మార్చలేవు.

వాచిన కాలికి కోస్తా జిల్లాల్లో మరో పేరు సిద్ధంగా ఉంది: బోదకాలు. తరాలపాటు ఆ వ్యాధిని చూసిన ప్రాంతంలో కాలు వాస్తే ముందు స్ఫురించేది అదే. బోదకాలు నెలలు, ఏళ్ల మీద పెరుగుతుంది. గడ్డ వల్ల వచ్చే వాపు తరచు గంటల్లో, రోజుల్లో వస్తుంది. ఈ ఒక్క తేడా తెలిసినా ఆలస్యం తగ్గుతుంది. ఆంధ్ర, తెలంగాణ జిల్లాల నుంచి అమెరికాలోని కూతురి పురిటికి, కొడుకు ఇంటికి వెళ్లే వృద్ధ దంపతుల విషయంలో మాత్రం విమానపు కుర్చీ నిజంగానే లెక్కలోకి వస్తుంది. మోకాలి కీలు మార్పిడి అయిన కొద్ది వారాలకే అలాంటి ప్రయాణం పెట్టుకుంటే మంచమూ కుర్చీ రెండూ కలుస్తాయి.

2020-21లో కోవిడ్ ఈ చరిత్రకు అనుకోని అధ్యాయాన్ని చేర్చింది. రక్తనాళాల్లో గడ్డలు కోవిడ్ మరణాలకు ఒక కారణమని తేలాక ‘డి-డైమర్’ అన్న పరీక్ష పేరు, ‘రక్తం పలచబడే మందు’ అన్న పదబంధం పల్లెల దాకా వచ్చాయి. రెండోది శాస్త్రీయంగా సరికాదు. ఆ మందులు రక్తాన్ని పలచన చేయవు. గడ్డకట్టే ప్రక్రియను ఆపుతాయి. అయినా జనం నోట నిలిచిన మాట అదే. పాల కాలు, ఎకానమీ క్లాస్, పలచబడే మందు: ఈ వ్యాధిని ప్రజలకు చేర్చిన ప్రతి మాటలోనూ కొంత అసత్యం ఉంది. ‘సిర ఘనాస్రం’ వంటి నిర్దుష్టమైన కూర్పులను ప్రతిపాదించవచ్చు. రోగి చెవికి అవి తాకవు. ‘పిక్క’ మాత్రం అందరికీ తెలిసిన మాట. ‘ఒక కాలి పిక్క హఠాత్తుగా వాచి నొప్పి పుడితే మర్దన చేయవద్దు, ఆసుపత్రికి వెళ్లండి, ఆయాసం కూడా ఉంటే ఆ క్షణమే వెళ్లండి’ అన్న వాక్యంలో ‘సిర’, ‘గడ్డ’, ‘నరం’ ఏవీ లేవు. రెండు తెలుగు రాష్ట్రాల్లో రోగి చేతికిచ్చే డిశ్చార్జి కాగితం సాధారణంగా ఇంగ్లీషులోనే ఉంటుంది. మందుల పేర్ల కింద తెలుగులో ఈ ఒక్క వాక్యం పట్టేంత ఖాళీ దానిలో ఉంది.